నమ్మకాన్ని సర్వేలో కొలవగలమా?

‘రాజకీయ నాయకులను మీరు నమ్ముతారా?’ అని సర్వేలవాళ్లు తరచూ అడుగుతుంటారు. బ్రిటన్ తత్వవేత్త ఒనోరా ఓనీల్‌కు అసలు ఆ ప్రశ్నే రుచించదు. ఎవరిని, ఏ పని విషయంలో అన్నది తేల్చకుండా నమ్మకాన్ని ఎలా లెక్కగడతారంటారు ఆమె. చిన్నపిల్లలకు చదవడం నేర్పే టీచరమ్మను ఆ పనికి నిశ్చింతగా నమ్ముతాం. అలాగని స్కూలు బస్సు నడపమని తాళం చెవులు ఇవ్వం కదా అని 2013లో ఒక టెడ్ ప్రసంగంలో చమత్కరించారు.

ఓనీల్ 1941లో ఉత్తర ఐర్లండ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రంతో పాటు మనస్తత్వశాస్త్రం, శరీరధర్మశాస్త్రం చదివారు. హార్వర్డ్‌లో రాజకీయ తత్వవేత్త జాన్ రాల్స్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. న్యూయార్క్‌లోని బార్నార్డ్ కాలేజీలో పాఠాలు చెప్పి, 1977లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1992 నుంచి 2006 దాకా కేంబ్రిడ్జ్‌లోని మహిళా కళాశాల న్యూనమ్‌కు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. 1999లో బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభకు వెళ్లినా ఏ పార్టీలోనూ చేరలేదు.

ఆమె తాత్విక కృషి ప్రధానంగా జర్మన్ తత్వవేత్త కాంట్ నీతిశాస్త్రం చుట్టూ సాగింది. అందరూ పాటించడం సాధ్యంకాని సూత్రం మీద నడుచుకోకూడదన్నది కాంట్ వాదన. అందరూ మోసానికి దిగితే నమ్మేవాళ్లే మిగలరు, ఇక మోసానికీ చోటుండదు. ఈ ఆలోచనను ఓనీల్ ఆస్పత్రులకు తీసుకెళ్లారు. ఆపరేషన్‌కు ముందు కాగితం మీద రోగి పెట్టే సంతకాన్నే చూడండి. ఏం చేయబోతున్నారో, ప్రమాదమేమిటో ఆయనకు అర్థం కాకపోతే మోసగించినట్టే, ఆ సంతకానికి విలువేముంది?

2002లో బీబీసీ రేడియోలో నమ్మకం మీద ఆమె ఇచ్చిన రీత్ వార్షిక ఉపన్యాసాలు సామాన్య శ్రోతలకూ చేరాయి. జవాబుదారీతనం పేరుతో డాక్టర్ల మీద, టీచర్ల మీద పెరిగిపోతున్న తనిఖీలను, టార్గెట్లను వాటిలో ప్రశ్నించారు. కాన్పు చేయడం కంటే దాని కాగితాలు నింపడానికే ఎక్కువ సమయం పడుతోందని ఓ మిడ్‌వైఫ్ తనతో వాపోయిందని తర్వాత ఒకసారి చెప్పారు.

తనిఖీలే వద్దని ఆమె అనరు. కళ్లు మూసుకుని అందరినీ నమ్మమనీ అనరు. నిజాయతీ, సామర్థ్యం, మాట నిలబెట్టుకునే గుణం ఉన్నాయో లేదో చూసి నమ్మమంటారు. ఆ మూడూ ఉన్నట్టు జనం సరిచూసుకునే వీలు కల్పించాల్సింది నమ్మకం కోరేవాళ్లే. కొన్న మేజోళ్లు నచ్చకపోతే మారుమాటాడకుండా వెనక్కి తీసుకునే దుకాణాన్ని ఉదాహరణగా చూపిస్తారు. నష్టపోయే అవకాశాన్ని అది తన మీదే వేసుకుంటోంది.

2017లో ఆమెకు నార్వే ఇచ్చే హోల్‌బర్గ్ బహుమతి, పది లక్షల డాలర్ల బెర్గ్రూయెన్ బహుమతి రెండూ దక్కాయి. ఎనభయ్యేళ్ల వయసులో డిజిటల్ సమాచార ప్రసారం మీద కొత్త పుస్తకం తెచ్చారు.