బూడిద మేఘాన్ని తూకం వేసిన ఇంజినీరు

ఇటలీకి చెందిన ఫ్రాంక్ సిల్వియో మార్జానో చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. పేరు తెచ్చుకున్నది మాత్రం వాన మేఘాల మీద, అగ్నిపర్వతాల మీద చేసిన పనితో. ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈ 2015లో ఆయనకు ఫెలో హోదా ఇచ్చినప్పుడు వాతావరణ శాస్త్రంలోను, అగ్నిపర్వత శాస్త్రంలోను మైక్రోవేవ్ రిమోట్ సెన్సింగ్‌కు చేసిన కృషినే కారణంగా పేర్కొంది. ఈ రెండు శాస్త్రాలు ఒకే మనిషి పేరు పక్కన చేరడం అరుదు. వాటిని కలిపింది ఒక గణిత సమస్య. దూరం నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని బట్టి గాలిలో ఎంత నీరుందో, ఎంత బూడిదుందో అంకెల్లో చెప్పడమే ఆ సమస్య.

రోమ్‌లోని సపియెంజా విశ్వవిద్యాలయంలో 1988లో పట్టా, 1993లో పీహెచ్‌డీ పొందారు. మధ్యలో 1992లో అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో కొంతకాలం పనిచేశారు. తర్వాత ఇటలీ అంతరిక్ష సంస్థలో పరిశోధన చేసి, పెరూజాలో పాఠాలు చెప్పి, 1997లో లాక్విలా విశ్వవిద్యాలయంలో చేరారు.

ఆయన తొలి పరిశోధనలు ఎక్కువగా ఉపగ్రహాల రేడియోమీటర్ల చుట్టూ సాగాయి. రేడియోమీటర్ దేన్నీ ప్రసారం చేయదు. నేల, సముద్రం, మేఘం తమ వేడి వల్ల సహజంగా వెలువరించే మైక్రోవేవ్ కిరణాలను పట్టి ఊరుకుంటుంది. నీటి ఆవిరి 22.235 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆక్సిజన్ 50 నుంచి 60 గిగాహెర్ట్జ్ మధ్య తమ ముద్ర వేస్తాయి. సుమారు 19 గిగాహెర్ట్జ్ దగ్గర సముద్రం చల్లగా కనిపిస్తుంది కాబట్టి, దాని మీద కురిసే వాన వెచ్చటి మచ్చలా తేలుతుంది. నేల మీద ఆ సౌకర్యం లేదు. నేలే వెచ్చగా వెలుగుతుంది, వాన అందులో కలిసిపోతుంది. అందుకని అక్కడ 85 గిగాహెర్ట్జ్, ఆపై పౌనఃపున్యాలకు వెళ్లి, మేఘం పైభాగంలోని మంచు రేణువులు కిరణాలను చెదరగొట్టడాన్ని బట్టి కింద పడే వానను అంచనా వేయాల్సి వస్తుంది. భారతదేశానికీ ఈ విద్యతో పాత పరిచయమే ఉంది. 1979 జూన్ 7న ప్రయోగించిన భాస్కర-1 ఉపగ్రహంలోని ‘సమీర్’ రేడియోమీటర్ 19, 22 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేసింది. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత్–ఫ్రాన్స్ ఉపగ్రహం మేఘా-ట్రాపిక్స్ ఉష్ణమండలంలోని తేమను, వానను చూసింది కూడా మైక్రోవేవ్ పరికరాలతోనే.

అసలు చిక్కు కొలతలో కన్నా దాని అర్థం తేల్చడంలో ఎక్కువ. మేఘంలో ఏ ఎత్తున ఎంత నీరు, ఎంత మంచు ఉన్నాయో తెలిస్తే ఉపగ్రహానికి ఏ సంకేతం అందుతుందో లెక్కకట్టవచ్చు. సంకేతం నుంచి మేఘానికి వెనక్కి నడవడం అలా కుదరదు, ఎందుకంటే వేర్వేరు మేఘాలు ఒకే సంకేతాన్ని ఇవ్వగలవు. పోపు వాసనను బట్టి అందులో ఆవాలు, ఇంగువ పడ్డాయని వీధిలోంచే చెప్పవచ్చు గాని, ఎంతెంత పడ్డాయో చెప్పలేం. మార్జానో తరం ఎంచుకున్న దారి సంభావ్యతది. కంప్యూటర్‌లో వేలాది మేఘాలను సృష్టించి, ప్రతిదానికీ రావలసిన సంకేతాన్ని ముందే లెక్కకట్టి ఉంచుతారు. అసలు కొలత అందగానే వాటిలో దేనికి ఎక్కువ అవకాశం ఉందో సంభావ్యతా గణితంలోని బేయిస్ సూత్రంతో తేలుస్తారు. జవాబుతో పాటు దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పడం ఈ పద్ధతిలోని గొప్ప. ఆయన పనిలో అన్నిటికన్నా విలువైన అలవాటు ఇదే.

1999లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన మాంటెరీ కేంద్రానికి వెళ్లారు. మైక్రోవేవ్ ఉపగ్రహం వానను బాగా చూస్తుంది గాని ఒక చోటి మీదుగా రోజుకు ఏ రెండుసార్లో పోతుంది. భూస్థిర ఉపగ్రహం నిమిషాల వ్యవధిలో చిత్రాలు పంపుతుంది గాని దాని పరారుణ కంటికి మేఘం పైకప్పు తప్ప లోపలి వాన కనబడదు. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి సరిదిద్దుతూ వానను నిరంతరం అంచనా వేసే పద్ధతుల మీద అమెరికా సహచరులతో కలిసి పనిచేశారు. 2002లో లాక్విలాలో తీవ్ర వాతావరణాన్ని అధ్యయనం చేసే ‘చెటెంప్స్’ కేంద్రం స్థాపకుల్లో ఒకరయ్యారు. 2005లో తాను చదువుకున్న సపియెంజాకే ఆచార్యుడిగా తిరిగొచ్చారు.

అగ్నిపర్వతాల వైపు మళ్లింది ఈ దశలోనే. బూడిద విమానాలకు ఎంత ప్రమాదమో అప్పటికే ప్రపంచానికి అనుభవమైంది. 1982 జూన్ 24న ఇండోనేషియాలోని గలుంగుంగ్ పర్వతం చిమ్మిన బూడిదలోకి వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్ నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. 1989 డిసెంబరు 15న అలాస్కాలోని రిడౌట్ బూడిదలో కేఎల్ఎం విమానానికీ అదే జరిగింది. రెండు సందర్భాల్లోనూ కిందికి జారుతూ ఇంజిన్లను తిరిగి రాజేసి క్షేమంగా దిగారు. బూడిద అంటే గాజులాంటి రాతి పొడి. జెట్ ఇంజిన్ వేడికి అది కరిగి, టర్బైన్ రెక్కల మీద గడ్డకట్టి గాలి దారిని మూసేస్తుంది.

వాన కోసం కట్టిన రాడార్‌తో బూడిదను చూడవచ్చని 1980లో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలినప్పుడే అమెరికాలో తేలింది. ఆ పరిశీలనల్లో భాగస్వామి అయిన విలియం రోజ్ 2006లో మార్జానో, జాన్‌ఫ్రాంకో వుల్పియాని తదితరులతో కలిసి రాసిన పరిశోధన పత్రాలు ఈ విద్యకు గట్టి పునాది వేశాయి. రాడార్‌కు అందే ప్రతిధ్వని రేణువు వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు రేణువు, పదో వంతు మిల్లీమీటరు రేణువు కంటే పది లక్షల రెట్లు బలంగా పలుకుతుందన్నమాట. పైగా అదే పరిమాణంలోని నీటి చుక్కతో పోలిస్తే బూడిద రేణువు ప్రతిధ్వని సగానికి కూడా రాదు. కాబట్టి గుప్పెడు పెద్ద రేణువులు, మేఘం నిండా సన్న బూడిద రాడార్ తెర మీద ఒకేలా కనిపించవచ్చు. వానకు వాడే సూత్రాన్ని బూడిదకు అతికిస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది.

వారు రూపొందించిన ‘వీఏఆర్ఆర్’ పద్ధతి ముందుగా ప్రతిధ్వనిని చూసి రేణువులు సన్న బూడిదా, ముతక బూడిదా, లేక లాపిల్లి అనే రాతిపలుకులా అని వర్గీకరిస్తుంది. సాంద్రత తక్కువా, మధ్యస్థమా, తీవ్రమా అన్నదీ అప్పుడే తేలుస్తుంది. ఆ తర్వాతే ఘనపు మీటరు గాలిలో ఎన్ని గ్రాముల బూడిదుందో, గంటకు ఎంత నేల రాలుతోందో లెక్కిస్తుంది. వాన మేఘాల దగ్గర నేర్చిన బేయిస్ సూత్రమే ఇక్కడా పనికొచ్చింది.

పరీక్షకు ఐస్‌లాండ్ దొరికింది. 2004 నవంబరులో గ్రిమ్స్‌వోట్న్ అగ్నిపర్వతం పేలుడును కెఫ్లావిక్‌లోని 5 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యపు వాతావరణ రాడార్ సుమారు 260 కిలోమీటర్ల దూరం నుంచి చూసింది. అంత దూరాన భూమి వంపు వల్ల రాడార్ కిరణం ఆరు కిలోమీటర్లకు పైనే సాగుతుంది, కింది బూడిద దానికి కనబడదు. 2010 ఏప్రిల్ 14న పేలిన ఎయాఫ్యాత్లాయోకుత్ల్ ఆ రాడార్‌కు ఇంకా దగ్గర, దాదాపు 155 కిలోమీటర్లు. ఆ పేలుడుతో ఐరోపా గగనతలం రోజుల తరబడి మూతపడింది, సుమారు లక్ష విమానాలు రద్దయ్యాయి. అంతవరకు బూడిద ఉందా లేదా అన్నదే చూసేవారు, ఉంటే ఎగరకూడదు. ఆ సంక్షోభం తర్వాత ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అంటూ హద్దులు వచ్చాయి. ‘ఎంత’ అన్న ప్రశ్నకు జవాబు అప్పటినుంచి విమానయానానికి నిత్యావసరమైంది.

పొగస్తంభం ఎత్తును బట్టి పర్వతం సెకనుకు ఎంత పదార్థాన్ని చిమ్ముతోందో అంచనా వేసే సూత్రం ఒకటి వాడుకలో ఉంది. చిమ్మే పరిమాణం ఎత్తుకు సుమారు నాలుగో ఘాతంలో మారుతుంది కాబట్టి ఎత్తులో పది శాతం తప్పితే పరిమాణంలో దాదాపు యాభై శాతం తప్పుతుంది. 155 కిలోమీటర్ల దూరంలో రాడార్ కిరణం మందమే రెండు కిలోమీటర్లు దాటుతుంది. ఎత్తు ఒక్కదాన్నే నమ్ముకోకుండా మేఘంలోని బూడిద మొత్తాన్ని నేరుగా లెక్కకట్టే మార్జానో పద్ధతి విలువ ఇక్కడే తెలుస్తుంది.

2011 మేలో గ్రిమ్స్‌వోట్న్ మళ్లీ పేలినప్పుడు, ఇటలీ పౌర రక్షణ శాఖ అరువిచ్చిన సంచార రాడార్ అక్కడ ఉంది. దాని తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు. అది అడ్డంగాను నిలువుగాను కంపించే తరంగాలను రెంటినీ పంపుతుంది. పడేటప్పుడు అడుగు చదునయ్యే వానచుక్క ఈ రెండింటికీ వేర్వేరుగా స్పందిస్తుంది. పల్టీలు కొడుతూ దిగే బూడిద రేణువు దాదాపు ఒకేలా స్పందిస్తుంది. ఈ తేడాతో బూడిదను వాన నుంచి విడదీయవచ్చు. మార్జానో బృందం ఆ కొలతలను ఉపగ్రహ రేడియోమీటర్ చూపిన సంకేతాలతో కలిపి చదివింది. కెరీర్ తొలినాళ్ల విద్య, మలినాళ్ల విద్య ఒకే పేలుడు మీద కలిశాయి.

సొంత దేశంలో ఎట్నా అగ్నిపర్వతం ఉంది. దాని శిఖరానికి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కటానియా విమానాశ్రయంలో అదే తరహా రాడార్ పనిచేస్తూ 2013 నవంబరు 23 నాటి లావా ఫౌంటెన్‌ను నమోదు చేసింది. శిఖరానికి కేవలం మూడు కిలోమీటర్ల దగ్గర ఫ్రెంచి శాస్త్రజ్ఞులు నిలిపిన డాప్లర్ రాడార్ బిలంలోంచి ఎగసే రాళ్ల వేగాన్ని కొలిచింది. వేగం ఒకచోట, బూడిద పరిమాణం మరోచోట దొరకడంతో రెండు లెక్కలను సరిపోల్చి చూసే వీలు కలిగింది.

రాడార్‌కు హద్దులున్నాయి. బిలానికి దగ్గరగా, మొదటి గంటల్లో, ముతక రేణువులున్నంతవరకే దాని బలం. 2025 నవంబరు 23న ఇథియోపియాలో హైలీ గుబ్బి అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద ఎర్రసముద్రం దాటి మర్నాటికి భారత గగనతలానికి చేరి విమానాలు రద్దైనప్పుడు, ఇక్కడిదాకా వచ్చింది అతి సన్నని పొడి. అలాంటిదాన్ని పట్టేది ముఖ్యంగా ఉపగ్రహాల పరారుణ, అతినీలలోహిత పరికరాలే. రాడార్ పని దానికి ముందుది. పర్వతం ఎంత చిమ్మిందో అది చెబితే, ఆ బూడిద ఎటు పోతుందో గాలి నమూనాలు లెక్కిస్తాయి.

2013 నుంచి చెటెంప్స్ సంచాలకుడిగానూ ఉన్న మార్జానో 2022లో మరణించారు. ఆయన చేయి వేసిన సమస్యల్లో ఒకటి ఇంకా తెగలేదు. పొగస్తంభంలో బూడిద, మంచు అంటుకుని ముద్దలవుతాయి. ఆ ముద్దల సాంద్రత, ఆకారం, విద్యుత్ గుణాలు విడి రేణువుకున్నట్లు ఉండవు. వాటిని సరిగ్గా లెక్కలోకి తీసుకోవాలంటే నేలపై రాలిన బూడిదను సేకరించి, ప్రయోగశాలలో కొలిచి, రాడార్ అంచనాతో పోల్చాలి.