కేటగిరీ ఒకటే కదా అనుకుంటే...

హ్యూస్టన్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లలో చాలామందికి మొదటి హరికేన్ బెరిల్. 2024 జులై 2న అది కరీబియన్ సముద్రంలో కేటగిరీ 5కి చేరింది. ఏడాదిలో అంత ముందుగా ఆ స్థాయి అందుకున్న హరికేన్ అట్లాంటిక్ రికార్డుల్లోనే లేదు. అయితే మెక్సికో మీదుగా వచ్చేసరికి నీరసించింది. దాని దారి టెక్సాస్ దక్షిణపు కొసవైపే అన్నాయి తొలి అంచనాలు. పైగా అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై నాలుగు సెలవులు. ఊళ్లు తిరగడానికి వెళ్లినవాళ్లు ఇంకా తిరిగి రాకముందే తుపాను దారి మార్చుకుని, సోమవారం 8వ తేదీ తెల్లవారుజామున హ్యూస్టన్ వైపున్న మాటగోర్డా దగ్గర తీరం దాటింది. అప్పుడు అది కేటగిరీ 1.

ఆ ‘ఒకటి’తోనే వచ్చింది చిక్కంతా. బందరులోనో భీమిలిలోనో పదో నంబరు ప్రమాద సూచిక వింటూ పెరిగినవాళ్లకు ఒకటో నంబరు చెవికి ఆనదు. కానీ మన వాతావరణ శాఖ గంటకు 118 కిలోమీటర్ల గాలి వీస్తే ‘అతి తీవ్ర తుపాను’ అంటుంది. అమెరికాలో కేటగిరీ 1 మొదలయ్యేదే 119 దగ్గర. పైగా ఆ అంకె గాలిని మాత్రమే కొలుస్తుంది. వాన, ఉప్పెన, కరెంటు దాని లెక్కలోకి రావు. 2017లో హార్వీ కేటగిరీ 4గా తీరం దాటినా, హ్యూస్టన్‌ని ముంచింది బలహీనపడ్డాకే. టెక్సాస్‌లోనే నెదర్లాండ్ అనే చిన్న ఊళ్లో 1,500 మిల్లీమీటర్లు దాటి కురిసింది.

మరి ఊరు వదిలిపోవాలా? ఇంటి నుంచి ఫోన్ చేసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. 2005లో రీటా వస్తోందని జనమంతా ఒక్కసారిగా రోడ్డెక్కితే, టెక్సాస్‌లో తుపాను కన్నా ఆ ప్రయాణమే ఎక్కువ మందిని చంపింది. ఉప్పెన ముప్పున్న తీరం వాళ్లు కదలాలి, గాలి భయం మాత్రమే ఉన్నవాళ్లు ఇంట్లో ఉండాలి అన్నది అక్కడి సూత్రం. ఎవరు కదలాలో జిప్ కోడ్‌ను బట్టి చెబుతారు.

బెరిల్ గాలి కొన్ని గంటల్లో పోయింది. అసలు కష్టం ఆ తర్వాతే. 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని పేటలకు వారం దాటినా రాలేదు. ఎక్కడ కరెంటుందో చూపించే మ్యాపు కూడా సమయానికి లేకపోవడంతో, వాటాబర్గర్ అనే బర్గర్ కొట్ల సంస్థ యాప్‌లో ఏ కొట్లు తెరిచారో చూసి ఊహించుకున్నారు జనం. మన దగ్గరైతే కరెంటు పోతే డాబా ఎక్కుతాం, వరండాలో మంచం వాల్చుకుంటాం. అక్కడి ఇల్లు ఏసీని నమ్ముకుని కట్టింది. వాలు కప్పు, గాలాడని గదులు. ఉక్కపోతతో కలిపి ఒంటికి తగిలే వేడి 38 డిగ్రీలు దాటింది. పొయ్యి కూడా కరెంటుదైతే అన్నం ఉడకదు. మూత తీయకపోయినా ఫ్రిజ్‌లో ఆహారం నాలుగు గంటలే ఆగుతుంది. ఇడ్లీ పిండి, పెరుగు, ఇండియా నుంచి వేసవికి వచ్చిన నాన్నగారి ఇన్సులిన్ అన్నీ అందులోనే. బెరిల్ తర్వాత హ్యూస్టన్‌లో ఎండదెబ్బకు పోయినవాళ్లున్నారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు బలైనవాళ్లూ ఉన్నారు. గరాజ్ తలుపు తీసి పెట్టినా చాలదు, జనరేటర్ ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో ఉండాల్సిందే.

మనిషికి రోజుకు దాదాపు నాలుగు లీటర్ల నీళ్లు, పవర్ బ్యాంకు, మందులు, కొంత నగదు... ఈ జాబితా ప్రతి కౌంటీ ఇస్తుంది. కొత్తవాళ్లకు ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. మామూలు ఇంటి బీమా గానీ, అద్దెకున్నవాళ్ల బీమా గానీ వరద నష్టాన్ని ఇవ్వవు. దానికి వేరే పాలసీ తీసుకోవాలి. ప్రభుత్వ వరద బీమా అయితే కొన్న 30 రోజులకు గానీ మామూలుగా అమల్లోకి రాదు. సీజను జూన్ 1న మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్ దాటనివ్వకండి.