చందా కడితే చాలదు
చీరాల: స్వాతంత్ర్య పోరాట స్మృతిని నిలిపేందుకు ఊళ్లలో పెట్టుకున్న స్మారక సంఘాలు చాలాచోట్ల ఆగస్టు 15న జెండా ఎగురవేసి, దండ వేసి, మిఠాయి పంచడంతో సరిపెట్టుకుంటున్నాయి. చందా రాసిన వారు మళ్లీ ఏడాదికి గాని కనిపించరు.

చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు నిరసనగా 1921లో వేలాది జనం ఇళ్లు వదిలారు. పిల్లాపాపలతో ఊరి వెలుపల రామనగర్‌లో పాకలు వేసుకొని దాదాపు 11 నెలలు గడిపారు. నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు, ఆయన రామదండు పేరు పుస్తకాలకెక్కాయి. ఎండకూ వానకూ ఓర్చిన సామాన్యుల సంగతులు మాత్రం వారి వారసుల నోటనే మిగిలాయి. ఆ మనుమలూ ఇప్పుడు వృద్ధులే.

శ్రద్ధ ఉంటే ఏం చేయవచ్చో పక్కనున్న వేటపాలెం చూపింది. అక్కడ 1918లో వెలసిన సారస్వత నికేతనం పాత పత్రికలతో పాటు, 1929లో వచ్చిన గాంధీజీ చేతికర్రను కూడా భద్రపరిచింది.

సభ్యులు నెలకొక పెద్దాయన ఇంటికో, పెద్దమ్మ ఇంటికో వెళ్లి, చెప్పిన మాటలను పేర్లతో, ఊళ్లతో సహా రాసుకోవాలి. యువకులు సెల్‌ఫోన్‌లో గొంతు రికార్డు చేయవచ్చు. పాత ఉత్తరాలు, ఫొటోలకు నకలు తీసుకొని అసలువి ఆ ఇంటివారికే అప్పగించాలి. మహిళలనూ సభ్యులుగా చేర్చుకుంటే ఆడవారు పడిన పాట్లు కూడా తెలుస్తాయి. సంఘం లేని ఊళ్లో కనీసం ఏడుగురు ముందుకు వస్తే రిజిస్టరు చేయించుకోవచ్చు.

చెదలు పట్టిన కాగితం, పోయిన మనిషి మాట తిరిగిరావు. వచ్చే జెండా పండుగ దాకా ఆగక ఈ నెలలోనే పని మొదలుపెట్టడం ఎంతైనా అవసరం.