తారిణి పడవ కథ: ఒరిగినా మళ్లీ లేచేలా ఎలా కడతారు?

వెంగళరావు నగర్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. ఈ ఎపిసోడ్‌లో మన టాపిక్ ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. "హైదరాబాద్‌లో సముద్రమే లేదు, మాకెందుకన్నా?" అంటారేమో, ఒక్క నిమిషం ఆగండి.

2017 సెప్టెంబర్ 10న ఆరుగురు నేవీ మహిళా ఆఫీసర్లు ఒక తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి రావడానికి గోవా నుంచి బయల్దేరారు. వాళ్లలో ఇద్దరు మనవాళ్లే. ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్ అమ్మాయి, పి.స్వాతి విశాఖ అమ్మాయి. కెప్టెన్ వర్తికా జోషి. పడవ పేరు తారిణి. 21 వేలకు పైగా నాటికల్ మైళ్లు తిరిగి, 2018 మే 21న అందరూ క్షేమంగా గోవా చేరారు.

దారిలో పసిఫిక్‌లో దాదాపు 60 నాట్ల గాలి తగిలింది. అంటే గంటకు 110 కిలోమీటర్లు! అలలేమో రెండంతస్తుల ఇల్లంత. చుట్టూ వేల కిలోమీటర్ల వరకు ఊరు లేదు. 108కి ఫోన్ చేస్తే వచ్చేవాళ్లు లేరు. అలాంటి చోట మనుషుల్ని కాపాడేది ధైర్యం ఒక్కటే కాదు, పడవ డిజైన్ కూడా. అదెలాగో చూద్దాం.

ముందు బాడీ సంగతి. తారిణి 55 అడుగుల పడవ. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్‌లో కట్టారు. బాడీ లోపల చెక్క, దానికి రెండు వైపులా ఫైబర్‌గ్లాస్. దీన్నే శాండ్‌విచ్ అంటారు. ఫైబర్‌గ్లాస్ మన ఏరియాకి కొత్తేం కాదు. సినిమా సెట్లలో కనిపించే రాతి స్తంభాలు, విగ్రహాలు చాలావరకు ఇదే సరుకు. గాజు పోగుల మ్యాట్ పరిచి, రెసిన్ పూసి గట్టిపరుస్తారు. నీళ్లలో ఉన్నా తుప్పు పట్టదు, చెదలు పట్టదు.

మరి మధ్యలో చెక్క ఎందుకు? మీకు ఆన్‌లైన్ ఆర్డర్ వచ్చిన అట్టపెట్టెను చింపి చూడండి. రెండు పల్చటి కాగితాలు, మధ్యలో అలలు అలలుగా ఇంకో కాగితం. కాగితాలు ఒక్కోటీ చేత్తో చిరిగిపోతాయి, కానీ పెట్టె మాత్రం అంత తేలిగ్గా వంగదు. రెండు పొరల్నీ దూరంగా పట్టి ఉంచడమే అందులో కిటుకు. పడవలో చెక్క చేసే పని కూడా అదే. తక్కువ బరువుతో ఎక్కువ గట్టిదనం వస్తుంది.

ఇప్పుడు అసలు పాయింట్. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నేర్చుకునే పడవలు చూశారుగా? ఆప్టిమిస్ట్ 35 కేజీలు, లేజర్ సుమారు 59 కేజీలు. అవి తిరగబడటం మామూలే. నీళ్లలో పడతారు, కింద ఉండే పలకను పట్టుకుని లాగుతారు, పడవ లేస్తుంది, మళ్లీ ఎక్కేస్తారు. పక్కన కోచ్ బోటు ఎలాగూ ఉంటుంది. 23 టన్నుల తారిణిని అలా చేత్తో లేపగలమా?

అందుకే సముద్రంలో తిరిగే పడవకి అడుగున కీల్ ఉంటుంది. బరువైన రెక్కలాంటిది, సీసంతోనో ఇనుముతోనో చేస్తారు. ఇలాంటి చాలా పడవల్లో మొత్తం బరువులో మూడో వంతు దాకా అక్కడే. తోస్తే పడి మళ్లీ లేచి కూర్చునే బొమ్మ ఉంటుంది కదా, అదే లెక్క. పడవ ఎంత ఒరిగితే కీల్ అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. గాలికి పడవ పక్కకి జారిపోకుండా ఆపేది కూడా ఇదే.

మరి పైన? తారిణి మాస్ట్ ఎత్తు 25 మీటర్లు. మామూలు గాలికి పెద్ద చాపలు, తుఫానుకి చిన్న స్టార్మ్ సెయిల్, ఇలా ఆరు రకాల తెరచాపలున్నాయి. గాలి పెరిగేకొద్దీ చాప తగ్గించుకుంటూ పోవాలి. మనం కూర్చునే కాక్‌పిట్‌లోకి అల వచ్చి పడితే, నీళ్లు వాటంతటవే బయటికి పోయేలా రంధ్రాలు ఉండాలి.

లోపలికొస్తే ఇంకో తమాషా. ఫోటోల్లో వెడల్పాటి బెడ్ ఉన్న పడవ సూపర్‌గా కనిపిస్తుంది. కానీ ఊగే సముద్రంలో ఆ బెడ్ మీద దొర్లుడే దొర్లుడు, నిద్ర ఉండదు. అక్కడ ఇరుకు బెర్త్, పక్కన గుడ్డ అడ్డు ఉంటేనే నిద్ర పడుతుంది. స్టవ్ కూడా అంతే, ఉయ్యాలలా వేలాడాలి. పడవ ఒరిగినా గిన్నె నిటారుగా నిలబడుతుంది.

ఇన్ని ఉన్నా ఏదో ఒకటి పాడవుతుంది. తారిణికి తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ దెబ్బతింది. మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు. అందుకే చక్రం పనిచేయకపోతే నేరుగా చుక్కానికి తగిలించి తిప్పే ఎమర్జెన్సీ టిల్లర్ ఇలాంటి పడవల్లో తప్పనిసరి.

ఆ బోటు అక్కడితో ఆగలేదు. 2024 అక్టోబర్ 2న లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప ఇద్దరే అదే తారిణిలో బయల్దేరి, ప్రపంచం చుట్టి 2025 మే 29న తిరిగొచ్చారు.

కాబట్టి ఫ్రెండ్స్, ఎవరైనా పడవ చూపిస్తే "స్పీడెంత?" అని తర్వాత అడగండి. ముందు "ఒరిగితే లేస్తుందా?" అని అడగండి. డౌట్లుంటే కింద రాయండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటా మరి!