కాలింగ్ బెల్ బొత్తాంతో మొదలైన వాద్యం

పెళ్ళి ఊరేగింపులోనో, బడి వార్షికోత్సవంలోనో కీబోర్డు వాద్యాన్ని మీరంతా చూసే ఉంటారు. ఒక బొత్తాం నొక్కితే వయొలిన్, ఇంకొకటి నొక్కితే వేణువు, మరొకటి నొక్కితే తబలా! ఏయే ధ్వనులు పలకాలో తయారుచేసినవాళ్ళే ముందుగా అందులో అమర్చి ఉంచుతారు. మనకి కావలసినది ఎంచుకోవడమే తరువాయి.

ఇప్పుడు మరో వాద్యాన్ని ఊహించుకోండి. దీనికి తీగలు లేవు, చర్మం లేదు, ఊదడానికి గొట్టం లేదు. బీరువా అరలో చిన్న చిన్న రేకు పెట్టెలు పక్కపక్కన పేర్చినట్టు ఉంటుంది. ప్రతి పెట్టె మీదా తిప్పే గుండీలు, వైరు గుచ్చే బెజ్జాలు ఉంటాయి. స్విచ్చి వేసినా ఇది కిక్కురుమనదు! ఒక పెట్టెకీ మరో పెట్టెకీ మనం వైర్లు కలపాలి. అప్పుడే పలుకుతుంది. ఏ వైరు ఎక్కడ కలపాలన్నది మన ఇష్టం. కలిపిన తీరు మారితే వాద్యమే మారిపోతుంది. దీన్ని మాడ్యులర్ సింథసైజర్ అంటారు. మాడ్యూల్ అంటే విడి భాగం, సింథసైజర్ అంటే ధ్వనిని కూర్చేది అని అర్థం.

ఈ వాద్యం కథలో ఒక విశేషముంది. దీన్ని ఒక ఇంజనీరు తయారుచేశాడు, నిజమే. కాని దీన్ని పూర్తి చేసినవాళ్ళు మాత్రం దాన్ని వాడినవాళ్ళు! ఎలాగంటారా?

చిన్న ఊళ్ళో చిన్న దుకాణం

రాబర్ట్ మూగ్ 1934లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పుట్టాడు. మీ వయసులోనే అతడు థెరమిన్ అనే విద్యుత్ వాద్యాన్ని ఇంట్లో తయారుచేసుకున్నాడు. దీన్ని ముట్టుకోకుండా, గాలిలో చేతులు కదుపుతూ వాయిస్తారు. 1954లో తండ్రితో కలిసి థెరమిన్లు తయారుచేసి అమ్మే చిన్న సంస్థ ప్రారంభించాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే, 1963లో ఆ దగ్గరలోని ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఒక దుకాణం గదిలోకి తన పనిని మార్చాడు.

ఆ సంవత్సరమే అతడికి హెర్బర్ట్ డాయిష్ అనే సంగీతం మాస్టారు పరిచయమయ్యాడు. 1964 వేసవిలో డాయిష్ ట్రూమన్స్‌బర్గ్ వచ్చాడు. ఇంజనీరు సర్క్యూట్లు కడుతుంటే, సంగీతకారుడు విని "ఇలా కాదు, అలా కావాలి" అని చెప్పేవాడు.

ఒకనాడు డాయిష్‌కి ఒక చిక్కు వచ్చింది. స్వరమైతే పలుకుతోంది కాని, ఒకే తీరున "ఊఁ" అంటూ సాగిపోతోంది. వీణ మీటితే ధ్వని ఖణేల్మని మొదలై మెల్లగా సన్నగిల్లుతుంది కదా! అటువంటి ఆరంభం, అంతం దీనికి లేవు. మూగ్ అతణ్ణి సామాన్ల కొట్టుకి పంపి కాలింగ్ బెల్ బొత్తాం ఒకటి తెప్పించాడు. ఆ బొత్తాం నొక్కగానే ఒక కెపాసిటర్‌లో విద్యుదావేశం నిండేలా, వదలగానే ఖాళీ అయ్యేలా సర్క్యూటు కట్టాడు. కెపాసిటర్ మీది వోల్టేజి పెరిగితే ధ్వని పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అంతే, స్వరానికి ప్రాణం వచ్చింది!

1965లో వ్లదీమిర్ ఉసచేవ్‌స్కీ అనే మరో సంగీతకారుడు ఇంకొంచెం వివరంగా అడిగాడు. ధ్వని ఎంత త్వరగా లేవాలి, ఎంత త్వరగా కొంచెం దిగాలి, ఏ మట్టాన నిలవాలి, వదిలాక ఎంతసేపు వినిపించాలి, ఈ నాలుగూ విడివిడిగా మార్చుకునే వీలుండాలన్నాడు. ఎటాక్, డికే, సస్టైన్, రిలీజ్ అనే ఆ నాలుగు మాటలు ఈనాటి సింథసైజర్ కీబోర్డుల్లోనూ, కంప్యూటర్ సంగీతంలోనూ అలాగే ఉన్నాయి.

నిండితే ఒరిగే గిన్నె

ఇంతకీ ఈ పెట్టెల్లో ఏముంది? ముఖ్యమైనవి మూడు.

మొదటిది ఆసిలేటర్, అంటే డోలకం. కుళాయి కింద ఒక గిన్నె ఉందనుకోండి. అది నిండగానే ఒరిగి నీళ్ళన్నీ పారబోసి మళ్ళీ నిలబడుతుంది. కుళాయి ఎంత ఎక్కువ తిప్పితే అన్ని ఎక్కువసార్లు ఒరుగుతుంది. ఆసిలేటర్‌లో గిన్నె బదులు కెపాసిటర్, నీళ్ళ బదులు విద్యుత్ ప్రవాహం ఉంటాయి. సెకనుకి 440 సార్లు నిండి ఖాళీ అయితే 440 హెర్ట్‌జ్‌ల స్వరం స్పీకరులో వినిపిస్తుంది.

రెండవది ఫిల్టర్, అంటే వడపోత. ధ్వనిలోని హెచ్చు పౌనఃపున్యాలను వడగట్టి, కీచుదనం తగ్గించి మెత్తబరుస్తుంది. మూడవది ఆంప్లిఫయర్. ధ్వని ఎంత గట్టిగా వినిపించాలో ఇది చూస్తుంది.

అసలు కిటుకు మరొకటుంది. ఈ మూడింటినీ చేత్తోనే కాదు, వోల్టేజితో కూడా తిప్పవచ్చు. మూగ్ ఒక చక్కని లెక్క ఎంచుకున్నాడు. ఒక వోల్టు పెంచితే పౌనఃపున్యం రెట్టింపు కావాలి. షడ్జమం 240 హెర్ట్‌జ్‌లు అనుకుందాం. ఒక వోల్టు పెంచితే 480, అంటే పై స్థాయి షడ్జమం. మరో వోల్టు పెంచితే 960. ఒక స్థాయిలో 12 స్వరస్థానాలు కదా! కాబట్టి ఒక్కొక్క స్వరస్థానానికి వోల్టులో పన్నెండవ వంతు, అంటే సుమారు 83 మిల్లీవోల్టులు.

ఆ వోల్టేజి మీటల పలక నుంచే రావాలని లేదు. సెకనుకి ఐదారుసార్లు మాత్రమే ఊగే మరో ఆసిలేటర్ నుంచి వైరు తెచ్చి కలిపితే స్వరం కూడా ఊగుతుంది. అదే వైరుని ఫిల్టర్‌కి కలిపితే "వా వా" అంటుంది. పెట్టె ఒకటే, వైరు ఒకటే, ధ్వని మాత్రం వేరు.

శ్రుతి తప్పించే వేడి

వాడినవాళ్ళందరికీ ఎదురైన పెద్ద బెడద ఒకటుంది. డప్పు కళాకారులు వాయించబోయే ముందు డప్పుని మంట దగ్గర కాపడం మీరు చూసే ఉంటారు. వేడికి చర్మం బిగిసి ధ్వని ఖంగుమంటుంది. డప్పుకి మేలు చేసే ఈ వేడే సింథసైజర్‌కి కీడు చేసింది.

వోల్టుకి రెట్టింపు అనే లెక్కని సాధించిపెట్టేది ట్రాన్సిస్టర్. దాని బేస్ దగ్గర సుమారు 18 మిల్లీవోల్టులు పెంచితే ప్రవాహం రెట్టింపవుతుంది. కాని ఈ 18 స్థిరం కాదు, పరమ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. గది ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్లు. కాబట్టి ఒక డిగ్రీ పెరిగితే లెక్కలో 300వ వంతు తేడా వస్తుంది.

ఇంతేనా అనకండి. మూడు స్థాయిల పైన వాయిస్తున్నారనుకోండి. అక్కడికి 36 స్వరస్థానాలు. ఒక డిగ్రీకి తేడా 36లో 300వ వంతు, అంటే 0.12 స్వరస్థానం. గది 5 డిగ్రీలు వేడెక్కితే 0.6. అర స్వరస్థానానికి మించి అపశ్రుతి! సరిదిద్దే ఏర్పాటు లేకపోతే ఎవరికైనా వినిపించేంత తప్పు ఇది.

ఈ కష్టాన్ని బాగా ఎరిగిన సంగీతకారిణి వెండీ కార్లోస్. జర్మన్ సంగీతకర్త బాఖ్ రచనలను ఆమె మూగ్ వాద్యంపై పలికించి 1968లో "స్విచ్డ్ ఆన్ బాఖ్" అనే రికార్డు వెలువరించింది. ఆ వాద్యం ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. నాలుగు స్వరాలు కలిసి వినిపించాలంటే నాలుగుసార్లు వాయించి టేపు మీద ఒకదానితో ఒకటి కలపాలి. మధ్యలో శ్రుతి జారితే సరిచేసుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. ఇలా చిన్న చిన్న ముక్కలుగా నెలల తరబడి శ్రమించింది. ఆ రికార్డుకి 1970లో మూడు గ్రామీ బహుమతులు వచ్చాయి.

అయితే ఆమె వాయించి ఊరుకోలేదు. లోపాలు, కావలసిన మార్పులు ఎప్పటికప్పుడు మూగ్‌కి చెప్పేది. మీటని ఎంత బలంగా, ఎంత వేగంగా నొక్కామో గుర్తించే మీటల పలక కావాలని అడిగింది. మూగ్ తయారుచేసి ఇచ్చాడు. శ్రుతి విషయంలో ఇంజనీర్లు పోనుపోను మంచి ఉపాయాలు కనిపెట్టారు. జంట ట్రాన్సిస్టర్లను ఒకదానికొకటి ఆనించి, రెండూ ఒకే వేడిలో ఉండేలా చూశారు. వేడిని బట్టి నిరోధం మారే రెసిస్టర్‌ని జతచేసి, ఒక తేడాని మరో తేడాతో కొట్టివేశారు.

అహమ్మదాబాద్‌కి వచ్చిన వైర్లు

ఈ వాద్యం మన దేశానికీ వచ్చింది. 1969లో అహమ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మూగ్ మాడ్యులర్ సింథసైజర్‌తో ఒక స్టూడియో నెలకొల్పాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా దాని మీద ప్రయోగాలు చేశారు. టేపులు దశాబ్దాల పాటు సంస్థ భాండాగారంలోనే ఉండిపోయాయి. చివరికి 2023లో వాటినుంచి ఎంపిక చేసినవి ఆల్బమ్‌గా వెలువడ్డాయి. అన్నేళ్ళ తరవాత ఆ వైర్ల పలుకు మళ్ళీ లోకానికి వినిపించింది.

ఎర్ర గీత మరచిపోవద్దు

1971లో మూగ్ సంస్థ చేతులు మారి ట్రూమన్స్‌బర్గ్ విడిచిపోయింది. తరవాత చిన్న కీబోర్డులు వచ్చి ఈ బీరువా వాద్యాలు వెనకబడ్డాయి. మళ్ళీ వాటిని నిలబెట్టింది మరో చిన్న తయారీదారే. జర్మనీలో మ్యూనిక్ దగ్గర డీటర్ డోప్‌ఫర్ 1995లో ఎ-100 అనే వరస మాడ్యూళ్ళు తెచ్చాడు. వాటి పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. వైరు గుచ్చే బెజ్జం 3.5 మిల్లీమీటర్లు. కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. ఈ కొలతలనే మిగతావాళ్ళూ పాటించసాగారు. ఒకరి మాడ్యూలు ఇంకొకరి మాడ్యూలు పక్కన ఇమిడిపోతుంది. కనుక ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే సంస్థలు కూడా ఈ రంగంలో నిలబడగలిగాయి.

ఈ వాద్యాల అభిమానులు కొత్తవారికి తప్పక చెప్పే హెచ్చరిక ఒకటుంది. మాడ్యూలు వెనక కరెంటు తెచ్చే బల్లపరుపు కేబులుకి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది. అది మైనస్ 12 వోల్టుల వైపు. కేబులు తిరగేసి గుచ్చితే, రక్షణగా డయోడ్లు లేనప్పుడు లోపలి చిప్పులు మాడిపోవచ్చు! రెండవ మాట కూడిక లెక్క. 1200 మిల్లీయాంపియర్లు ఇచ్చే పెట్టెలో ఒక్కొక్కటి 60 తీసుకునే మాడ్యూళ్ళు 20 దాకా పెట్టవచ్చు, 21వది పెట్టకూడదు. అసలు 20కి ముందే ఆగడం తెలివైన పని.

మీరూ చేసి చూడండి

కుళాయి కింద గిన్నె బోర్లించి, నీరు చుక్కలుగా పడనివ్వండి. 10 సెకన్లలో ఎన్ని చప్పుళ్ళో లెక్కపెట్టండి. కుళాయి కొద్దిగా తిప్పి మళ్ళీ లెక్కపెట్టండి. ఇది మీ ఆసిలేటర్! ఆ నీళ్ళని వృథా చేయకుండా ఒక పళ్ళెంలో పట్టి మొక్కలకి పోయండి. తరవాత "ఆ" అని రాగం తీస్తూ, అరచేత్తో నోరు మూస్తూ తెరుస్తూ ఉండండి. "వా వా" అని వినిపిస్తోందా? ఇది మీ ఫిల్టర్.

ఈసారి మీరు ఒక పరికరం తయారుచేసినప్పుడు, అది సైన్స్ ఫెయిర్‌లో పెట్టే చిన్న నమూనా అయినా సరే, స్నేహితుడి చేతికిచ్చి వాడమనండి. "ఇది బాగాలేదు" అంటే చిన్నబుచ్చుకోకండి. ఏది బాగాలేదో అడిగి రాసిపెట్టుకోండి. ట్రూమన్స్‌బర్గ్ దుకాణంలో కాలింగ్ బెల్ బొత్తాం అలాగే కదా పనికొచ్చింది!