ప్రాథమిక పాఠశాలల్లో రచన, విజ్ఞాన బోధన : ఉపాధ్యాయ శిక్షణ ఆవశ్యకత

ప్రాథమిక పాఠశాల బాలబాలికల నోటుపుస్తకాలను పరిశీలించినట్లయితే, వాటిలో అధిక భాగం నల్లబల్లపై నుండి ఎక్కించుకున్న ప్రశ్నలు, జవాబులే కనిపిస్తాయి. దస్తూరి చక్కగా ఉండవచ్చును, అక్షరదోషాలు లేకపోవచ్చును. అయితే విద్యార్థి తాను చూచిన దానిని స్వంత మాటలలో వ్రాసిన వాక్యం ఒక్కటైనా ఉన్నదా అన్నదే ముఖ్యమైన ప్రశ్న. తెలుగు రచనను, పరిసరాల విజ్ఞానాన్ని వేర్వేరు పీరియడ్లుగా బోధించడం పరిపాటి. ఈ రెండింటిని జోడించి బోధించే నైపుణ్యాన్ని ఉపాధ్యాయులలో పెంపొందించడం వృత్త్యంతర శిక్షణలో కీలకమైన అంశం.

ఇందుకు ఒక సులభమైన ప్రయోగాన్ని ఉదాహరణగా చెప్పుకోవచ్చును. ఒక పుల్లకు మూడు చిక్కుడు గింజలను పైన, మధ్యన, అడుగున దారంతో కట్టి గాజు గ్లాసులో నిలబెట్టాలి. అడుగు గింజ పూర్తిగా మునిగి, మధ్య గింజ సగం మునిగి, పై గింజ పొడిగా ఉండే విధంగా నీరు పోయాలి. ప్రతిరోజు నీటిమట్టం తగ్గకుండా చూడాలి. మట్టి లేనిదే గింజ మొలవదని భావించే పిల్లలు అనేకమంది ఉంటారు. కనుక ఏ గింజ మొలుస్తుందో, ఎందుకు మొలుస్తుందో ముందుగా వారిచేతనే వ్రాయించాలి. కొద్ది రోజులలో మధ్య గింజ మొలకెత్తి ఎదుగుతుంది. పై గింజలో మార్పు ఉండదు. అడుగు గింజ నీటిని పీల్చుకొని ఉబ్బినా, చాలినంత గాలి అందనందున ఎదుగుదల కొనసాగదు.

మొలకెత్తుటకు గాలి, నీరు అవసరమనే వాక్యం పాఠ్యపుస్తకంలో ఉన్నదే. "అడుగు గింజ ఉబ్బింది కానీ మొలక రాలేదు" అని విద్యార్థి వ్రాసిన వాక్యం మాత్రం తాను చూచిన దాని నుండి పుట్టినది. "మొలక బొటనవేలంత ఉన్నది" అని ఒకరు వ్రాస్తే, ఎవరి బొటనవేలు అనే ప్రశ్న తరగతిలోనే తలెత్తుతుంది. అప్పుడు స్కేలు చేతికి తీసుకోవలసిన అవసరం పిల్లలకే తెలిసివస్తుంది. ఒక జట్టు గ్లాసులో మధ్య గింజ సైతం మొలవకపోవచ్చును. గింజ పాతదైనా, పురుగు తొలిచినదైనా అట్లా జరుగుతుంది. ఆ ఫలితాన్ని దాచకుండా వ్రాయించి, ఒక్క గింజను చూచి నిర్ధారణకు రారాదని చెప్పడమే అసలైన విజ్ఞాన పాఠం.

రచనను దిద్దే విధానంలో సైతం ఉపాధ్యాయులకు శిక్షణ అవసరం. ఎర్ర సిరాతో మొదట గుణింతపు తప్పులనే గుర్తించినట్లయితే, పిల్లలు తమకు తప్పు లేకుండా వచ్చిన మాటలతోనే సరిపెట్టుకుంటారు. చెప్పదలచిన కొత్త విషయం కాగితం పైకి రాదు. ముందుగా భావాన్ని గురించి ప్రశ్నించి, తిరిగి వ్రాయించి, ఆ తరువాతనే అక్షరదోషాలను సవరించడం మేలు. ఉపాధ్యాయుడు శిక్షణలో స్వయంగా ప్రయోగం చేసి, వ్రాసి, తోటివారికి చదివి వినిపించినప్పుడే ఈ కష్టం అనుభవంలోకి వస్తుంది.

ఈ దృక్పథం తెలుగు ప్రాంతాలకు కొత్తది కాదు. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980వ దశకంలో ప్రారంభమై 1996 వరకు అమలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వినియోగించుకోవడం, పిల్లల పనిని తరగతి గదిలో ప్రదర్శించడం వంటి ఆరు బోధనా సూత్రాలను ఉపాధ్యాయులకు అందించింది. సమీప పాఠశాలల ఉపాధ్యాయులు కలుసుకొనే టీచర్ సెంటర్లు ఆ పథకంలో భాగం. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (నేటి నర్మదాపురం) జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలలో ఆరంభమైన విజ్ఞాన బోధనా కార్యక్రమం 1978లో జిల్లా అంతటికి విస్తరించి, 2002లో నిలిపివేయబడింది. అందులో పిల్లలు చేయవలసిన ప్రయోగాలను ఉపాధ్యాయులు వేసవి శిక్షణలోనే చేసేవారు. నెలవారీ సమావేశాలలో తరగతి గది ఇబ్బందులను చర్చించుకొనేవారు.

విద్యాహక్కు చట్టం, 2009లోని 29వ సెక్షన్ కృత్యాలు, అన్వేషణ ద్వారా అభ్యసనం జరగాలని పేర్కొన్నది. ప్రతి ఉపాధ్యాయునికి సంవత్సరానికి కనీసం 50 గంటల వృత్తిపరమైన అభివృద్ధి అవకాశం ఉండాలని జాతీయ విద్యా విధానం, 2020 సూచించింది. 2019లో ప్రారంభమైన నిష్ఠ శిక్షణ, 2020లో దీక్ష వేదిక ద్వారా ఆన్‌లైన్‌లోనూ అందించబడింది. గంటల లెక్క పూర్తి కావడం ఒక ఎత్తు, బోధనలో మార్పు రావడం మరొక ఎత్తు. రాష్ట్ర స్థాయిలో ఇచ్చిన శిక్షణ జిల్లా, మండలం దాటి పాఠశాలకు చేరేసరికి ప్రయోగం కాస్తా ఉపన్యాసంగా మారే ప్రమాదం ఉన్నది. ఏకోపాధ్యాయ పాఠశాలలో మరొక చిక్కు కూడా ఉన్నది. శిక్షణకు ఉపాధ్యాయుడు వెళ్ళిన రోజున అక్కడ పాఠం చెప్పేవారే ఉండరు.

చిక్కుడు గింజ ఒక్క రోజులో మొలవదు. అందువలన ఒక్క రోజు శిక్షణలో ఈ పాఠం పూర్తి కాదు. గింజలను మొదటి సమావేశంలో కట్టి, గ్లాసులను ఉపాధ్యాయులు తమ పాఠశాలలకు తీసుకువెళ్ళి, తరువాతి స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి పిల్లల నోటుపుస్తకాలతో తిరిగి రావడం అనువైన పద్ధతి. ఆ పుస్తకాలను పరస్పరం మార్చుకొని చదివినప్పుడు, ఏ పాఠశాలలో పిల్లలు చూచినది వ్రాశారో, ఏ పాఠశాలలో నల్లబల్లను చూచి వ్రాశారో మొదటి పుటలోనే తేలిపోతుంది.