చూపు తగ్గిన నాడా, దరఖాస్తు పెట్టిన నాడా?

వ్యాధి ముదిరినదని వైద్యునితో చెప్పుట ఒకటి. కచేరీకి తెలుపుట వేరొకటి. వైద్యునివద్ద దాచుట ప్రమాదమని ఎల్లరు ఎరుగుదురు. కచేరీకి ఎప్పుడు తెలుపవలెనో, అసలు తెలుపవలెనో వలదో మాత్రము పెక్కుమందికి తోచదు. తొందరపడినచో ఉన్నది ఊడిపోవునేమో అని భయము; జాగు చేసినచో రావలసినది రాకపోవును.

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు ఒకదానినొకటి ఒరసికొనియున్న పేటలు. మూడును చదువును నమ్ముకొన్నవే. నారాయణగూడలో పాఠశాలలు, కళాశాలలు. అశోక్‌నగరులో పోటీపరీక్షల శిక్షణాలయములు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము. ఉద్యోగార్థులు పుస్తకములు ముందు పెట్టుకొని ఉదయముననే అక్కడ కుర్చీలు పట్టుకొందురు. అట్టి చోట కన్ను మందగించుట, చెవి మందగించుట కేవలము ఆరోగ్యవిషయము కాదు; జీవనోపాధికి సంబంధించిన విషయము.

ఆ కుర్చీలలో ఒకదానియందున్న అభ్యర్థిని ఊహింపుడు. బాల్యముననే ఒక కన్ను పోయినది. రెండవది చక్కగా ఉన్నంతకాలము మార్గదర్శక సూత్రముల ప్రకారము అతని వైకల్యము నూటికి 30 మాత్రమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 40 శాతమువద్ద గీత గీచినది. ప్రభుత్వోద్యోగములలో ప్రత్యేకించిన 4 శాతము, తెలంగాణములో 2023లో నెలకు 4,016 రూపాయలకు పెంచబడిన పింఛను, ఇవన్నియు చూపు తక్కువవారికి ఆ గీత దాటిన తరువాతివే. ఇప్పుడు ఆ రెండవ కన్నును మసకబారసాగినది. ప్రశ్నపత్రములోని చిన్న అక్షరములు అలుకుకొనిపోవుచున్నవి. ఇక తెలుపవలసిన సమయము వచ్చినదా?

వచ్చినదో లేదో మొదట ఆ మసకకు గల కారణమునుబట్టి ఉండును. వైద్యమండలి అద్దములు పెట్టి, సరిచేయగలిగినంత సరిచేసిన పిమ్మట మిగిలిన చూపును కొలుచును. శుక్లమువలన కలిగిన మసకయైనచో శస్త్రచికిత్సకు ముందు పరుగెత్తుటలో అర్థము లేదు. నీటికాసులు, రేచీకటితో మొదలై కంటి వెనుక తెరను తినివేయు వంశపారంపర్య వ్యాధులు అట్టివి కావు. పోయిన చూపు తిరిగి రాదు. అక్కడ ‘ఇంకొక ఏడాది చూతము’ అనుట ఓర్పు కాదు, ఉపేక్ష.

భయమునకు హేతువు లేకపోలేదు. మొన్నటివరకు సదరం పేరిటను, నేడు యు.డి.ఐ.డి. కార్డుగాను వచ్చు ధ్రువపత్రములో శాశ్వతమైనది, గడువు గలది అని రెండు తెగలు. మరల పరీక్షకు వెళ్లినవాని అంకె పెరుగుటయే కాదు, తగ్గుటయు కలదు. ఆంధ్రప్రదేశమున పింఛనుదారులను మరల పరీక్షించి, 40కి తక్కువగా తేలినవారికి 2025 ఆగస్టులో తాఖీదులు పంపిరి. అప్పీలునకు అవకాశమిచ్చిరి కాని, ఆ వార్త చదివినవారికి పాత కాగితమును కదపకుండుటయే మేలని తోచుట సహజము.

అట్లని గడప దాటకుండుటయు సరికాదు. గీత ఎక్కడెక్కడ ఉన్నదో తెలిసికొనిన పిమ్మట భయము సగము తగ్గును. తెలంగాణములో 45 శాతము 65 అయినను పింఛను పెరుగదు. కేవలము దానికై తిరుగుట వృథాశ్రమ. 80 దాటినచో వేరు: ఆదాయపు పన్నులో పాత విధానమును ఎంచుకొన్నవారికి 75,000 రూపాయల మినహాయింపు 1,25,000 అగును. ఆంధ్రప్రదేశములో 2024 నుండి వికలాంగులకు 6,000, పూర్తిగా మంచము పట్టినవారికి 15,000 రూపాయలు. కావున అక్కడ పై మెట్టు మరింత విలువైనది. పరీక్షార్థికి రూపాయలకన్న ముఖ్యమైనవి వ్రాతసహాయకుడు, గంటకు 20 నిమిషముల అదనపు కాలము.

లెక్కల ఉపాధ్యాయులకు నచ్చు చిక్కు ఒకటి ఇందులో ఉన్నది. కాలికి 50, చెవికి 30 వచ్చినవానికి మొత్తము 80 కాదు. పెద్ద అంకెను 90 నుండి తీసివేసి, మిగిలినదానిని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చినదానిని పెద్ద అంకెకు కలుపవలెను. ఫలితము 63 పైచిల్లర. రెండవ బాధ వచ్చినది గనుక 80 దాటితినని ఆశపడి వెళ్లినవాడు నిరాశతో తిరిగివచ్చుట ఇందువలననే.

జాగునకు చెల్లింపవలసిన మూల్యమును మరియొక చట్టము నిష్కర్షగా చెప్పినది. చిక్కడపల్లికి సమీపముననే ఆజమాబాదు పారిశ్రామికవాడ. అట్టి కర్మాగారములలో గాయపడినవారికై 1948లో వచ్చిన ఉద్యోగుల రాజ్యబీమా చట్టములోని 55వ సెక్షను, గాయము అనుకోనిరీతిగా ముదిరినపుడు అంకెను మరల నిర్ణయించు వీలు కల్పించినది. కాని అప్పీలు న్యాయస్థానము అనుమతి లేనిదే అయిదేండ్లలోపల, తాత్కాలిక నిర్ణయమైనచో ఆరు మాసములలోపల అడుగరాదన్నది. అంతకన్న ముఖ్యము: క్రొత్త అంకె దరఖాస్తు పెట్టిన తేదీకి ముందటి కాలమునకు వర్తింపదన్నది. చేయి రెండేండ్లక్రితమే చచ్చుబడినను చట్టము దృష్టిలో అది కాగితము అందిన నాడే చచ్చుబడినది! 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమును సామాజిక భద్రతా స్మృతి ఆక్రమించినది. చట్టము మారినను, ఆ రెండేండ్లను ఆ కార్మికునికి తిరిగి ఇచ్చువారెవరు?

కావున తేదీలు గల కాగితములు పోగుచేయుట ముదురుట మొదలైన నాడే ఆరంభము కావలెను. ఆరు మాసముల కొకమారు తీయించిన చూపు పరీక్ష, చెవి పరీక్ష, ప్రభుత్వాసుపత్రి చీటి, వీటి వరుసయే మండలియెదుట మాటలాడును. ‘బాగుగా తగ్గినది దొరా’ అన్న మాట అక్కడ నిలువదు. గీత దాటినట్లు ఆ కాగితములు చూపిన వెంటనే దరఖాస్తు పెట్టుట ఉత్తమము. నిర్ణయము నచ్చకున్న అప్పీలునకు 59వ సెక్షను ఉన్నది.

ఉపాధ్యాయుల సంగతి మరింత సున్నితము. వెనుక బెంచీనుండి వచ్చు ప్రశ్న వినబడని మాస్టరుగారు ‘తెలిపినచో ఉద్యోగము పోవును’ అని మౌనము వహింతురు. ప్రభుత్వోద్యోగి విషయమున ఇది అపోహ. సేవాకాలములో వైకల్యము పొందినవానిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. ఆ పని చేయలేకున్న అదే జీతముపై వేరొక పని ఈయవలెనని 2016 చట్టము 20వ సెక్షను శాసించుచున్నది. ఇదే రక్షణ 1995 నాటి చట్టములోను ఉండెను. కాలు తీసివేయబడిన కునాల్ సింగ్ అను కానిస్టేబులు విషయమున 2003లో సుప్రీంకోర్టు ఆ రక్షణను నిలబెట్టినది. ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయునకు మాత్రము ఈ సెక్షను కవచము లేదు. అతడు యాజమాన్యమునకు తెలుపుటకు ముందు ధ్రువపత్రము చేతబట్టుకొనుట వివేకము. ఆ పత్రమునకు యాజమాన్యము అనుమతి అక్కరలేదు. ఇక పిల్లలందురా, మాస్టరుగారు ప్రతి ప్రశ్నను రెండుమారులు అడిగించుకొనుచున్నారని వారికి ఎప్పుడో తెలిసియుండును.